బాల్య స్థూలకాయం: శారీరక, మానసిక ఆరోగ్యాల సంబంధంపై వైద్యచింతన పరిణామం

వ్యాస సంగ్రహం

పిల్లల్లో స్థూలకాయం శరీరాన్నీ మనస్సునూ కలిపి బాధించే సమస్య అన్నది నేడు వైద్యరంగంలో అంగీకృతమైన విషయం. అయితే ఈ రెండింటిలో ఏది కారణం, ఏది కార్యం అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో వైద్యులు ఒకరికొకరు పొందని సమాధానాలు ఇచ్చారు. మొదట గ్రంథిలోపమన్నారు. తరువాత తల్లి పెంపకంలోని లోపమన్నారు. ఆపైన పిల్లల మనోవేదనకు సమాజపు చిన్నచూపే మూలమని కొందరు పరిశోధకులు నిరూపించబూనారు. ప్రధానంగా అమెరికాలో జరిగిన ఈ చర్చను కాలక్రమంలో పరిశీలించి, గర్భస్థ దశలోని పోషణపై పూణే, హైదరాబాదు పరిసరాల్లో జరిగిన అధ్యయనాలు దానికి చేర్చిన కొత్త కోణాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బాల్య స్థూలకాయం, హిల్డే బ్రూక్, గ్రంథివాదం, సామాజిక వివక్ష, దేహభావన, బొగలూసా అధ్యయనం, గర్భస్థ పోషణ, హైదరాబాదు పోషణ ప్రయోగం.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యాధికి కారణం ఫలానా అని చెప్పడం శాస్త్రనిర్ణయంగా కనిపించినా, ఆచరణలో అది బాధ్యతను ఒకరి మీద మోపడం కూడా అవుతుంది. క్షయకు సూక్ష్మజీవి కారణమని తేలినప్పుడు రోగి నింద నుంచి కొంత బయటపడ్డాడు. స్థూలకాయం విషయంలో అటువంటి విముక్తి ఏ దశలోనూ పూర్తిగా లభించలేదు. కారణం మారిన ప్రతిసారీ నిందను మోసేవారు మారారే తప్ప నింద తొలగిపోలేదు. పిల్లల విషయంలో ఇది మరింత తీవ్రం. ఏమి వండాలో, ఏమి కొనాలో, ఎక్కడ ఆడుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ లేని వయస్సులో వారు ఆ నిందను భరించవలసి వచ్చింది.

ఈ సమస్య పరిమాణం ఎంతగా పెరిగిందో అంతర్జాతీయ గణాంకాలు చెబుతున్నాయి. 5 నుంచి 19 ఏళ్ల లోపు వారిలో స్థూలకాయులు 1975లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల మంది ఉండగా, 2016 నాటికి ఆ సంఖ్య సుమారు 12 కోట్ల 40 లక్షలకు చేరిందని 2017లో 'లాన్సెట్' పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. నాలుగు దశాబ్దాల్లో పది రెట్లకు మించిన ఈ పెరుగుదలను గ్రంథిలోపంతోనో, ఒక తరం తల్లుల స్వభావంతోనో వివరించడం సాధ్యం కాదు. అయినా ఆ పాత వివరణలు లోకవ్యవహారంలో ఇంకా బతికే ఉన్నాయి. అవి ఎక్కడ పుట్టాయో, ఏ సాక్ష్యం ముందు నిలవలేకపోయాయో తెలుసుకోవడం అందువల్ల చరిత్రకు మాత్రమే పరిమితమైన ఆసక్తి కాదు.

2. తక్కువ బరువే సమస్యగా ఉన్న కాలం

పంతొమ్మిదో శతాబ్దిలో స్థూలకాయుడైన పిల్లవాడు వైద్యులకు రోగిగా కన్నా లోకానికి వింతగా ఎక్కువ పరిచితుడు. చార్లెస్ డికెన్స్ 1836–37 మధ్య ప్రచురించిన 'పిక్‌విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రవాడు తినడానికీ, నిలుచున్నచోటే నిద్రపోవడానికీ పేరుపడ్డ హాస్యపాత్ర. 1956లో అమెరికన్ వైద్యులు అధిక స్థూలకాయంతో పాటు శ్వాస మందగించి, పగటిపూట నిద్ర ముంచుకొచ్చే స్థితికి ఈ నవల పేరునే పెట్టారు. నూట ఇరవై ఏళ్ల పాటు పాఠకులను నవ్వించిన లక్షణాలే వైద్యగ్రంథంలో రోగలక్షణాలయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ప్రభుత్వాల దృష్టి అంతా బక్కచిక్కిన పిల్లల మీదనే నిలిచింది. ఇంగ్లండులో పాఠశాల భోజనాలకు 1906లో చట్టం చేశారు. అమెరికాలో పిల్లల వ్యవహారాల సంస్థ 1918లో 'బాలల సంవత్సరం' ప్రకటించి, దేశమంతటా లక్షలాది శిశువుల ఎత్తు, బరువులను కొలిపించింది. ఆ కొలతల లక్ష్యం తగినంత బరువు లేని వారిని గుర్తించడం. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, వచ్చిన జాతీయ పాఠశాల భోజన చట్టం వెనుక కూడా సైన్యానికి ఎంపికకాని యువకుల పోషకాహార లోపం గురించిన ఆందోళన ఉంది. పిల్లవాడు బొద్దుగా ఉండడం ఆ కాలంలో సంపన్నతకూ, తల్లి శ్రద్ధకూ గుర్తు. ఆ భావన నేపథ్యంలో చూస్తేనే తరువాతి దశాబ్దాల్లో తల్లులపై వచ్చిన విమర్శలోని వైపరీత్యం అర్థమవుతుంది.

3. గ్రంథివాదం

1901లో వియన్నాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ ఫ్రోలిక్ పీయూష గ్రంథి ప్రాంతంలో కణితి ఉన్న పద్నాలుగేళ్ల బాలుడి వృత్తాంతాన్ని ప్రచురించారు. ఆ బాలుడి శరీరం లావెక్కింది. యౌవన లక్షణాలు వికసించలేదు. చూపు మందగించింది. అంతకు ముందటి ఏడే ఫ్రాన్సులో బాబిన్‌స్కీ ఇటువంటి రోగిని వర్ణించారు. హార్వే కుషింగ్ పీయూష గ్రంథిపై 1912లో వెలువరించిన గ్రంథంతో గ్రంథులకూ శరీరాకృతికీ ఉన్న సంబంధం వైద్యలోకాన్ని విశేషంగా ఆకర్షించింది.

అరుదైన ఒక వ్యాధి వర్ణన క్రమంగా సాధారణ నిర్ధారణగా మారింది. కణితి ఆనవాళ్లు ఏమీ లేకపోయినా, కాస్త లావుగా ఉన్న బాలుణ్ణి 'ఫ్రోలిక్ రకం' అని వైద్యులు నమోదు చేయసాగారు. థైరాయిడ్, పీయూష గ్రంథుల సారాలతో చికిత్స చేశారు. ఈ వాదం పిల్లవాడిని తిండిపోతు అన్న నింద నుంచి కొంత తప్పించింది. కాని అతని మగతనం గురించీ, బుద్ధివికాసం గురించీ కొత్త అనుమానాలను అంటగట్టింది. గుండె వేగాన్ని పెంచే థైరాయిడ్ సారాన్ని అవసరం లేని శరీరాల్లోకి ఎక్కించడం మరొక అపాయం.

ఈ వాదానికి తొలి దెబ్బ వయోజనులపై జరిగిన పరిశోధన నుంచి తగిలింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో లూయీ న్యూబర్గ్ 1930 ప్రాంతంలో శక్తి లెక్కలను శ్రద్ధగా కొలిచి, స్థూలకాయం అంటే ఖర్చయ్యే శక్తికన్నా ఆహారం ద్వారా వచ్చే శక్తి ఎక్కువ కావడమేనని వాదించారు. వాదం సరళమైనది. కాని ఆ అదనపు ఆహారం ఎందుకు తింటారన్న ప్రశ్న వచ్చేసరికి న్యూబర్గ్ దృష్టి అలవాట్ల మీదకీ, సంయమన లోపం మీదకీ మళ్లింది. గ్రంథి స్థానంలో శీలం వచ్చి చేరింది.

4. హిల్డే బ్రూక్: గ్రంథి నుంచి కుటుంబానికి

పిల్లల విషయంలో గ్రంథివాదాన్ని నిర్ణాయకంగా తోసిపుచ్చినది హిల్డే బ్రూక్ (1904–1984). జర్మనీలో యూదు కుటుంబంలో జన్మించి శిశువైద్యంలో శిక్షణ పొందిన ఈమె, నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లో దేశం విడిచి ఇంగ్లండుకూ, మరుసటి ఏడు న్యూయార్కుకూ చేరారు. కొలంబియా విశ్వవిద్యాలయ అనుబంధ శిశువైద్యశాలలో 1937 నుంచి స్థూలకాయులైన పిల్లలపై పరిశోధన చేపట్టారు.

1939 నుంచి ఆమె వెలువరించిన వ్యాసాల్లోని కొలతలు స్పష్టమైనవి. ఆమె పరిశీలించిన పిల్లలు తమ ఈడువారికన్నా సాధారణంగా ఎత్తుగా ఉన్నారు. వారి ఎముకల ఎదుగుదల వయస్సుకు మించి ఉంది. యౌవన లక్షణాలు సకాలంలోనో, కొంత ముందుగానో కనిపించాయి. గ్రంథిలోపం ఉన్న పిల్లల్లో ఎదుగుదల కుంటుపడాలి. ఇక్కడ జరిగింది దానికి విరుద్ధం. కాబట్టి ఈ పిల్లల్లో అత్యధికులకు ఫ్రోలిక్ వ్యాధి వర్తించదని తేలింది.

అయితే కారణం ఎక్కడుంది? దీనికి సమాధానం కోసం బ్రూక్ పిల్లల ఇళ్లకు దృష్టి మళ్లించారు. గ్రేస్ టురెయిన్‌తో కలిసి 1940లో ప్రచురించిన కుటుంబ అధ్యయనం ఆ తరువాతి దశాబ్దాల చర్చను శాసించింది. వారు చూసిన కుటుంబాల్లో ఎక్కువభాగం ఐరోపా నుంచి వలస వచ్చిన పేదలవి. ఆ తల్లులు తమ బాల్యంలో లేమినీ, అభద్రతనూ చవిచూసినవారు. పిల్లలకు ప్రేమను నేరుగా అందించలేని తల్లి ఆహారాన్ని దానికి బదులుగా ఇస్తుందనీ, మితిమీరిన సంరక్షణ పేరిట పిల్లవాడిని ఆటలకూ స్నేహాలకూ దూరం చేస్తుందనీ, ఆ సంరక్షణ వెనుక అతనిపట్ల అయిష్టత దాగి ఉంటుందనీ బ్రూక్ విశ్లేషించారు. బలహీనుడైన తండ్రి కూడా ఈ చిత్రంలో ఉన్నాడు. కాని ప్రధాన భారం తల్లి మీదనే పడింది.

ఆ తరువాత బ్రూక్ మనోరోగవైద్యంలోనూ, మనోవిశ్లేషణలోనూ శిక్షణ పొందారు. 1957లో అధిక బరువుపైనా, 1973లో ఆహార రుగ్మతలపైనా ఆమె రాసిన గ్రంథాల్లో వాదం మరింత సూక్ష్మమైంది. ఆకలిని గుర్తించడం పుట్టుకతో పూర్తిగా వచ్చే జ్ఞానం కాదని, శిశువు ఏడుపుకు తగిన స్పందన లభించినప్పుడే అది నేర్పడుతుందని ఆమె ప్రతిపాదించారు. చలికీ, భయానికీ, ఒంటరితనానికీ కూడా పాలే సమాధానమైతే, శిశువు తన లోపలి బాధలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసి పోల్చుకోలేడు. పెద్దయ్యాక ప్రతి కలతనూ ఆకలిగానే భావిస్తాడు. మనస్సునూ శరీరాన్నీ ఒకే సూత్రంతో వివరించిన ఈ ప్రతిపాదన ఆమె సేవల్లో ముఖ్యమైనది.

బ్రూక్ పద్ధతిలోని పరిమితిని కూడా గుర్తించాలి. ఆమె చూసినది వైద్యశాలకు వచ్చిన పిల్లలను. అదే వాడలో, అదే పేదరికంలో, అదే తరహా తల్లుల చేతుల్లో పెరిగి స్థూలకాయులు కాని పిల్లలతో క్రమబద్ధమైన పోలిక లేనిదే తల్లి స్వభావాన్ని కారణంగా నిర్ణయించడం తొందరపాటు. పైగా ఆకలి ఎరిగిన తల్లి బిడ్డకు కడుపునిండా పెట్టడంలో వివేకం ఉంది. 1918లో ప్రభుత్వమే కోరిన పనిని ఆ తల్లులు చేశారు. ఒక తరం గడిచేసరికి అదే పని రోగకారణంగా నమోదైంది.

5. కార్యకారణాల తారుమారు

1950ల మధ్య నుంచి 1960ల చివరి దాకా వెలువడిన పరిశోధనలు చర్చను మరో మలుపు తిప్పాయి. హార్వర్డ్‌లో పోషకాహార శాస్త్రజ్ఞుడు ఝాఁ మేయర్ బృందం 1956లో స్థూలకాయులైన పాఠశాల బాలికలను వారి ఈడు సాధారణ బాలికలతో పోల్చింది. స్థూలకాయులు ఎక్కువ తినడం లేదని, కదలిక మాత్రం చాలా తక్కువగా ఉందని ఆ అధ్యయనం నివేదించింది. తిండిపోతుతనమే మూలమన్న నమ్మకం దీనితో సడలింది.

అంతకన్నా ముఖ్యమైనది మొనెల్లో, మేయర్ 1963లో ప్రచురించిన వ్యాసం. స్థూలకాయులైన కౌమార బాలికల్లో కనిపించిన నిస్తేజం, తమ రూపం గురించిన ఎడతెగని చింత, నలుగురిలోకి రాకుండా ముడుచుకుపోవడం మొదలైన లక్షణాలను వారు వివక్షకు గురయ్యే అల్పసంఖ్యాక వర్గాల మనోలక్షణాలతో పోల్చారు. బ్రూక్ ఏ మనోలక్షణాలను స్థూలకాయానికి కారణంగా చదివారో, వాటినే ఈ వ్యాసం లోకపు తిరస్కారానికి ఫలితంగా చదివింది. రోగి లక్షణాలు మారలేదు. కార్యకారణాల క్రమం తలకిందులైంది.

ఈ తిరస్కారం ఎంత చిన్నవయస్సులో మొదలవుతుందో స్టీఫెన్ రిచర్డ్‌సన్, ఆయన సహచరులు 1961లోనే చూపారు. 10, 11 ఏళ్ల వయస్సున్న 640 మంది పిల్లలకు ఆరు బొమ్మలు చూపి, ఇష్టమైన క్రమంలో పేర్చమన్నారు. ఒక బొమ్మలోని బాలుడికి లేదా బాలికకు ఏ లోపమూ లేదు. మిగిలినవారిలో ఒకరు ఊతకర్రలతో, ఒకరు చక్రాల కుర్చీలో, ఒకరు చెయ్యి లేకుండా, ఒకరు ముఖంపై వైకల్యంతో ఉన్నారు. ఆరో బొమ్మలోని పిల్లవాడు స్థూలకాయుడు. పిల్లలు అతణ్ణి చివరన పెట్టారు. తక్కిన వైకల్యాలు విధివశాత్తు వచ్చినవనీ, లావు మాత్రం స్వయంకృతమనీ పదేళ్ల పిల్లలు అప్పటికే నేర్చుకున్నారని ఈ ఫలితం సూచిస్తుంది. లాట్‌నర్, స్టంకర్డ్ 2003లో ఇదే ప్రయోగాన్ని పునరావృతం చేసినప్పుడు ఆ అయిష్టత తగ్గకపోగా మరింత పెరిగినట్లు తేలింది. ఆ నాలుగు దశాబ్దాల్లోనే అమెరికాలో స్థూలకాయులైన పిల్లల సంఖ్య ఎంతో పెరిగింది. అలవాటైన దృశ్యం కాబట్టి ఆదరణ పెరుగుతుందన్న ఊహను ఈ ఫలితం తోసిపుచ్చింది.

వివక్ష మనోభావాల దగ్గరే ఆగలేదు. చదువులో తేడా లేకపోయినా ప్రతిష్ఠాత్మక కళాశాలల్లో స్థూలకాయులైన విద్యార్థుల ప్రవేశాలు తక్కువగా ఉన్నాయని కానింగ్, మేయర్ 1966లో నివేదించారు. స్టంకర్డ్, మెండెల్‌సన్ 1967లో దేహభావనపై జరిపిన పరిశీలన ప్రకారం, తన శరీరాన్ని తానే అసహ్యించుకునే స్థితి ప్రధానంగా బాల్యంలోనో, కౌమారంలోనో స్థూలకాయం ప్రారంభమైన వారిలో కనిపించింది. పెద్దయ్యాక లావైనవారిలో అది అరుదు. ఎదిగే వయస్సులో విన్న మాట మనస్సులో ఎంతకాలం నిలుస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

గోర్ట్‌మేకర్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదానికి గట్టి ఆధారం. 16 నుంచి 24 ఏళ్ల మధ్య వయస్సులో అధిక బరువున్న యువతులను ఏడేళ్ల తరువాత పరిశీలించగా, వారి చదువు సంవత్సరాలు, వివాహావకాశాలు, కుటుంబ ఆదాయం తక్కువగా ఉన్నాయి. ప్రారంభంలోని ఆర్థిక స్థితిని, ప్రతిభను లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు. ఇతర దీర్ఘకాలిక వ్యాధులున్న వారిలో మాత్రం ఇటువంటి నష్టాలు కనిపించలేదు. అనారోగ్యమే కారణమైతే వారిలోనూ కనిపించి ఉండాలి. అధిక బరువున్నవారికి ప్రత్యేకంగా తోడైనది సమాజపు దృష్టి.

6. శరీరం ఇచ్చిన సాక్ష్యం

సామాజిక వివక్షను గుర్తించడం అంటే శారీరక హానిని కాదనడం కాదు. లూసియానా రాష్ట్రంలోని బొగలూసా పట్టణంలో జెరాల్డ్ బెరెన్‌సన్ నాయకత్వంలో 1970ల తొలినాళ్లలో ఆరంభమైన అధ్యయనం, నల్లజాతి, తెల్లజాతి పిల్లలను బాల్యం నుంచి పెద్దయ్యేదాకా అనుసరించింది. అధిక బరువున్న 5–17 ఏళ్ల పిల్లల్లో 58 శాతం మందికి రక్తపోటు, కొవ్వులు, ఇన్సులిన్ వంటి వాటిలో కనీసం ఒక ప్రమాద సూచిక ఉన్నట్లు 1999లో ఈ అధ్యయనం నుంచి వెలువడిన వ్యాసం తెలిపింది. ప్రమాదాల్లోనూ ఇతర కారణాలవల్లనూ చిన్నవయస్సులో మరణించిన వారి శవపరీక్షల్లో ధమనుల గోడలపై కొవ్వు చారలు కనిపించాయి. ప్రమాద సూచికలు పెరిగినకొద్దీ ఆ చారలు ఎక్కువయ్యాయి. గుండెజబ్బు మధ్యవయస్సులో బయటపడినా దాని ఆరంభం బాల్యంలోనే అన్నది ఈ అధ్యయనం స్థిరపరచిన విషయం.

1922–35 మధ్య హార్వర్డ్ పెరుగుదల అధ్యయనంలో కొలతలు నమోదైన పిల్లలను అవీవా మస్ట్ బృందం యాభై అయిదేళ్ల తరువాత పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించింది. కౌమారంలో అధిక బరువున్న పురుషుల్లో మరణాల రేటు ఎక్కువగా ఉంది. పెద్దయ్యాక ఉన్న బరువుతో నిమిత్తం లేకుండానే ఈ ప్రభావం కనిపించడం గమనార్హం. 1996లో సిన్సినాటి వైద్యులు మరో మార్పును నమోదు చేశారు. పెద్దలకు మాత్రమే వస్తుందని భావించిన రకం మధుమేహం ఆ ప్రాంతపు కౌమారుల్లో 1982లో లక్షకు 0.7 ఉండగా 1994లో 7.2కు పెరిగింది.

శరీర, మనస్సుల సంబంధం ఏకముఖం కాదని తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. తీవ్ర స్థూలకాయం ఉన్న పిల్లలు తమ జీవన నాణ్యతను కేన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలతో సమానమైన స్థాయిలో అంచనా వేసుకున్నారని ష్విమర్ బృందం 2003లో నివేదించింది. స్థూలకాయం కుంగుబాటుకు దారితీసే అవకాశాన్ని పెంచుతుందనీ, కుంగుబాటు స్థూలకాయానికి దారితీసే అవకాశాన్నీ అదేవిధంగా పెంచుతుందనీ 2010లో లుపినో బృందం పదిహేను అధ్యయనాలను సమీకరించి చూపింది. ఈ దృష్టితో చూస్తే బ్రూక్, మేయర్ ఒకే వలయంలోని రెండు అర్ధభాగాలను చూశారని చెప్పవచ్చు. హేళనకు గురైన పిల్లవాడు ఆటస్థలానికి దూరమవుతాడు. కదలిక తగ్గుతుంది. ఊరట తినడంలో దొరుకుతుంది. బరువు పెరుగుతుంది. హేళన మళ్లీ మొదలవుతుంది.

7. ఆకలి నుంచి స్థూలకాయానికి: పూణే, హైదరాబాదు

పై చర్చ అంతా పుట్టిన తరువాతి జీవితం గురించినది. పుట్టుకకు ముందటి దశను చర్చలోకి తెచ్చినది నెదర్లాండ్స్‌లో 1944–45 శీతకాలపు కరువు. ఆ కరువుకాలంలో గర్భస్థులైనవారితో సహా సైనిక పరీక్షలకు హాజరైన 3 లక్షల మంది 19 ఏళ్ల యువకుల వివరాలను రావెల్లి, స్టైన్, సస్సర్ 1976లో విశ్లేషించారు. గర్భస్థ దశ తొలి సగంలో కరువుకు గురైనవారిలో స్థూలకాయం ఎక్కువగా ఉంది. గర్భం చివరి నెలల్లోనూ, పుట్టిన తొలి నెలల్లోనూ గురైనవారిలో తక్కువగా ఉంది. ఆకలి, స్థూలకాయం పరస్పర విరుద్ధాలన్న భావనను ఈ ఫలితం కదిలించింది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పూణే సమీపంలోని గ్రామాల్లో 1993లో ప్రారంభమైన అధ్యయనం ఆధారంగా చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. సగటు బరువు సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు, పూణేలో 2.7 కిలోలు. పూణే శిశువుల్లో కండరాలూ, అవయవాలూ బాగా తక్కువగా ఉన్నా కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తూకంలో బక్కగా కనిపించే బిడ్డ దేహనిర్మాణంలో కొవ్వు పాలు హెచ్చుగా ఉండవచ్చన్నమాట.

హైదరాబాదు పరిసర గ్రామాల అధ్యయనం దీనికి మరో పార్శ్వం. జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య అక్కడి 29 గ్రామాల్లో ఒక ప్రయోగం నిర్వహించింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం అందింది. 14 గ్రామాల్లో అందలేదు. ఆ పిల్లలు కౌమారదశకు వచ్చాక సంజయ్ కిన్రా బృందం వారిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. పోషకాహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. శరీరంలో కొవ్వు పెరగలేదు. ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిరుసుదనం తక్కువగా ఉన్నాయి. లేమిలో ఉన్న తల్లీబిడ్డలకు తిండిపెడితే పిల్లలు లావెక్కుతారన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు. బ్రూక్ చూసిన న్యూయార్కు తల్లుల విషయంలో ఈ ఫలితం నేరుగా తీర్పు చెప్పదు. కాని సకాలంలో అందిన ఆహారం వేరు, తరువాతి వయస్సులో పేరుకునే మిగులు శక్తి వేరు అన్న భేదాన్ని స్పష్టం చేస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015–16లో 2.1 శాతం ఉండగా 2019–21లో 3.4 శాతానికి చేరారు. అదే రెండో సర్వేలో వయస్సుకు తగిన ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. దేశం రెండు సమస్యలనూ ఒకే కాలంలో ఎదుర్కొంటున్నది. "చిక్కిపోయాడు" అన్న బంధువుల మాటకు కలవరపడే తల్లి, "లావెక్కాడు" అన్న వైద్యుడి మాటకు తలవంచుకునే తల్లి ఒక్కరే కావచ్చు.

8. ముగింపు

శతాబ్ద కాలపు ఈ చర్చను సమీక్షిస్తే మూడు విషయాలు విదితమవుతాయి. మొదటిది, గ్రంథివాదం, మాతృదోషవాదం రెండూ కొద్దిమంది రోగుల పరిశీలనను అందరికీ వర్తింపజేయడం వల్ల బలపడ్డాయి. రెండవది, స్థూలకాయులైన పిల్లల్లో కనిపించే మనోవేదనలో గణనీయమైన భాగం వారి శరీరం నుంచి కాక, ఆ శరీరాన్ని చూసే చూపు నుంచి వచ్చింది. మూడవది, శారీరక హాని నిజమైనది. దాని మూలాలు బాల్యంలోనూ, కొంతవరకు గర్భస్థ దశలోనూ ఉన్నాయి.

వీటిలో రెండు, మూడు అంశాలను విడదీసి చూడడం వల్లనే విధానాలు తప్పుదారి పడతాయి. హానిని మాత్రమే చూస్తే పిల్లవాడిని భయపెట్టడం, పదిమందిలో తూచి చెప్పడం చికిత్సగా చెలామణి అవుతుంది. వివక్షను మాత్రమే చూస్తే ధమనుల్లో పేరుకుంటున్న కొవ్వు దృష్టికి రాదు. పాఠశాలల్లోనూ, ద్వారం నుంచి 50 మీటర్ల పరిధిలోనూ కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న ఆహార పదార్థాల అమ్మకాన్ని నిషేధిస్తూ భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో తెచ్చిన నిబంధనలు బాధ్యతను పిల్లవాడి నుంచి అతని పరిసరాలకు మార్చే దిశగా ఒక అడుగు. వాటి అమలు ఎంత అవసరమో, తరగతి గదిలో హేళనను అరికట్టడం అంతే అవసరం. అది మర్యాదకు సంబంధించిన అంశం మాత్రమే కాదు, ఆరోగ్యరక్షణలో భాగం. రిచర్డ్‌సన్ ప్రయోగంలోని పదేళ్ల పిల్లలు ఆ ఆరో బొమ్మను చివరన పెట్టడం పెద్దల నుంచే నేర్చుకున్నారు. దాన్ని మరిపించవలసిన బాధ్యత కూడా పెద్దలదే.